కరీం అబ్దుల్ జబ్బార్: ఆటగాడు ఉస్తాద్ అయిన కథ

విద్య రావడం ఒక ఎత్తు, ఆ విద్యను మరొకరికి చెప్పగలగడం ఇంకొక ఎత్తు. బడిలో పాఠాలు చెప్పుకునే మా బోటివాళ్ళకు ఇది రోజూ ఎదురయ్యే సంగతే. లెక్కల్లో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నవాడు మంచి లెక్కల మాస్టరు అవుతాడని చెప్పలేం. ఇందుకు గొప్ప ఉదాహరణ అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కరీం అబ్దుల్ జబ్బార్. ఆటగాడిగా ఆయన సాధించిన విజయాలు లోకమంతటికీ తెలుసు. ఆట మానిన తరువాత ఉస్తాద్ కావడానికి ఆయన పడిన పాట్లు అంతగా తెలియవు. మన పిల్లలకూ, మనకూ ఎక్కువ పనికివచ్చేది ఆ రెండవ కథేనని నా నమ్మకం.

ఆయన 1947 ఏప్రిల్ 16న న్యూయార్క్ నగరంలో ఒక నల్లజాతి క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫెర్డినాండ్ లూయిస్ ఆల్సిండర్. చిన్ననాటి నుండే తోటివారికంటే ఎంతో పొడుగు. పెద్దయ్యేసరికి 7 అడుగుల 2 అంగుళాలకు చేరుకున్నారు. పవర్ మెమోరియల్ అనే హైస్కూలులో ఆయన ఆడుతున్న కాలంలో ఆ జట్టు వరుసగా 71 ఆటలు గెలిచింది.

అయితే ఆ బడిలోనే ఒక గాయం కూడా తగిలింది. ఒకనాటి ఆటలో జట్టు సరిగా ఆడడం లేదు. మధ్య విరామంలో కోచ్ కోపం పట్టలేక, నల్లవారిని కించపరచే ఒక చెడ్డ మాటతో ఈ కుర్రవాడిని పోల్చి తిట్టాడు. కుర్రవాడిలో పౌరుషం రేపాలన్నదే తన ఉద్దేశమని ఆ తరువాత చెప్పుకున్నాడు. ఆట గెలిచారు. కాని తండ్రిలా నమ్మిన గురువు నోట వచ్చిన ఆ మాట ఎన్నో ఏళ్ళపాటు ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈ సంగతిని ఆయనే తన రచనలలో చెప్పుకున్నారు.

1965లో లాస్ ఏంజెల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ జాన్ వుడెన్ అనే కోచ్ దొరికారు. వుడెన్ అంతకుముందు బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మాస్టరు. ఆయన మొదటి పాఠం ఏమిటో తెలుసా? మేజోళ్ళు ముడతలు లేకుండా ఎలా తొడుక్కోవాలి, బూట్ల తాళ్ళు ఎలా బిగించాలి అన్నది! దేశమంతా పేరు మోసిన ఆటగాళ్ళకు ఈ పాఠమా అని నవ్వు రావచ్చు. కాని మేజోడు ముడతపడితే కాలికి బొబ్బ లేస్తుంది, బొబ్బ లేస్తే ఆట ఆగిపోతుంది. తాలీమ్ అంటే అలా అడుగు నుంచి మొదలుకావాలి. వుడెన్ బూతు మాట అనేవారు కారు. ఆయన చేతికింద మూడు సీజన్లలో ఆ జట్టు 88 ఆటలు గెలిచి రెండే ఓడింది. 1967, 1968, 1969లలో వరుసగా మూడుసార్లు జాతీయ విజేతగా నిలిచింది.

1967లో కాలేజీ ఆటలో ఒక కొత్త నిబంధన వచ్చింది. రింగు పైనుంచి బంతిని గుచ్చి వేయడాన్ని నిషేధించారు. ఇది ఈ ఒక్కడిని కట్టడి చేయడానికేనని చాలామంది అనుకున్నారు. ఆయన మాత్రం చిన్ననాడు నేర్చిన హుక్ షాట్‌కు మరింత సానపెట్టారు. ఒంటి చేతిని ఆకాశానికి చాచి తల మీదుగా బంతిని వదిలే ఆ షాట్‌కు ‘స్కై హుక్’ అని పేరు వచ్చింది. దాన్ని ఆపగలిగినవారు లేకపోయారు. ఒక తలుపు మూసుకుంటే సబర్‌తో ఇంకొక తలుపు తెరుచుకోవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

1968లో ఆయన ఇస్లాం స్వీకరించారు. నల్లవారికి స్వదేశంలో న్యాయం జరగడం లేదన్న బాధతో అదే ఏడు ఒలింపిక్ జట్టుకు దూరంగా ఉన్నారు. 1969లో మిల్వాకీ బక్స్ జట్టులో వృత్తి క్రీడాకారుడిగా చేరి, 1971లో ఆ జట్టును విజేతగా నిలిపారు. ఆ విజయం దక్కిన మరునాడే కరీం అబ్దుల్ జబ్బార్ అన్న పేరును లోకానికి ప్రకటించారు. 1975లో లాస్ ఏంజెల్స్ లేకర్స్ జట్టుకు మారి అక్కడ మరి అయిదు టైటిళ్ళు గెలిచారు. మొత్తం 20 సీజన్లు ఆడి, 38,387 పాయింట్లు చేసి, 1989లో 42వ ఏట ఆట మానుకున్నారు. ఆ రికార్డు 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ దాటేవరకు చెక్కుచెదరలేదు. ఆరుసార్లు అత్యుత్తమ క్రీడాకారుడి అవార్డు అందుకున్నారు.

ఇంతటివానికి కోచ్ ఉద్యోగం ఇస్తామని జట్లు క్యూ కట్టి ఉంటాయని మనం అనుకుంటాం. అలా జరగలేదు. ఆయన స్వతహాగా బిడియస్థుడు, పుస్తకాల పురుగు. పత్రికలవారితో ముక్తసరిగా మాట్లాడేవారు. దాన్ని లోకం గర్వంగా లెక్కకట్టింది. తన ఆ తీరు తనకే అడ్డు తగిలిందని ఆయన తరువాత ఒప్పుకున్నారు.

అప్పుడు ఆయన చేసిన పని చూడండి. 1998లో అరిజోనా రాష్ట్రంలోని వైట్‌రివర్ అనే చిన్న ఊరికి వెళ్ళారు. అది వైట్ మౌంటెన్ అపాచీ అనే ఆదివాసీల ప్రాంతం. నల్లజాతి వీరుల చరిత్ర రాసిన మనిషి కనుక, అక్కడి కోటలో ఒకప్పుడు పనిచేసిన నల్ల సిపాయిల చరిత్ర మీద ఆయనకు మక్కువ. అక్కడి ఆల్చెసే హైస్కూలులో సహాయక కోచ్‌గా చేరారు. జీతం? ఒక్క డాలరు!

పిల్లలు వేగంగా పరుగెత్తి బంతి విసిరేయడానికే ఇష్టపడేవారు. ఓపికగా అడుగులు నేర్చుకోవడం వారికి విసుగు. పదిమంది ముందు పేరు పెట్టి తప్పు ఎత్తి చూపితే ముడుచుకుపోయేవారు. పెద్దల మాట వినడంలో, గౌరవం చూపడంలో వారి అదబ్ వేరు. అది తెలియకుండా పాఠం చెప్పడం కుదరదని ఆయన గ్రహించారు. అన్నేసి పాయింట్లు చేసిన మనిషి, పల్లెటూరి పిల్లల దగ్గర షాగిర్ద్ అయి పాఠం చెప్పే విద్య నేర్చుకున్నారు. ఆ అనుభవాన్ని 2000లో పుస్తకంగా వెలువరించారు.

తరువాత కొంతకాలం లాస్ ఏంజెల్స్ క్లిప్పర్స్‌లో సహాయక కోచ్‌గా పనిచేశారు. 2002లో ఒక చిన్న లీగులో ఓక్లహామా స్టార్మ్ జట్టుకు ప్రధాన కోచ్ అయి, ఆ జట్టుకు టైటిల్ తెచ్చారు. అయినా పెద్ద లీగులో ప్రధాన కోచ్ పదవి ఆయనకు ఎన్నడూ దక్కలేదు. 2005లో లేకర్స్ వారు ప్రత్యేక సహాయక కోచ్‌గా పిలిచారు. పదిహేడేళ్ళకే ఎంపికై వచ్చిన ఆండ్రూ బైనమ్ అనే కుర్రవాడికి ఆట మెలకువలు నేర్పడం ఆయన పని. 2008 చివర రక్త కేన్సరు ఉన్నట్లు తేలినా పని మానలేదు. 2009, 2010లలో లేకర్స్ విజేతగా నిలిచినప్పుడు ఆ కుర్రవాడు జట్టులో ఉన్నాడు. 2016లో అమెరికా ప్రభుత్వం తన అత్యున్నత పౌర పురస్కారంతో ఆయనను గౌరవించింది.

2017లో ఆయన మరో పుస్తకం రాశారు. అది తన పాయింట్ల గురించి కాదు, కప్పుల గురించి కాదు, తన కోచ్ వుడెన్ గురించి. 2010లో 99 ఏళ్ళ వయసులో వుడెన్ కన్నుమూసేవరకు వారి స్నేహం కొనసాగింది.

సోదర సోదరీమణులారా, ఒక కోచ్ కోపంలో అన్న మాట ఆయన మనసులో ముల్లుగా మిగిలింది. ఇంకొక కోచ్ నెమ్మదిగా చెప్పిన మాట జీవితమంతా వెలుగుగా నిలిచింది. ఇద్దరూ ఆట గెలవాలనే కోరుకున్నారు. మన ఇళ్ళల్లో, బళ్ళల్లో పిల్లల తప్పులు దిద్దేటప్పుడు మనం ఎవరి దారిన నడుస్తున్నామో ఒకసారి చూసుకోవాలి. నేనూ క్లాసులో గొంతు పెంచిన రోజులు ఉన్నాయి. ఈ వ్యాసం రాస్తున్నంతసేపూ అవే గుర్తుకు వచ్చాయి.