ప్రియస్: టయోటా హైబ్రిడ్ కారు చరిత్ర

పెట్రోలు ఇంజను, ఎలక్ట్రిక్ మోటారు కలిసి నడిపే హైబ్రిడ్ కార్లలో పెద్ద ఎత్తున తయారై మార్కెట్లోకి వచ్చిన మొదటిది టయోటా ప్రియస్. జపాన్‌లో 1997 డిసెంబరులో దీని అమ్మకాలు మొదలయ్యాయి. కొనేవారు నోరు తెరిచి అడగని అవసరాన్ని ముందే పసిగట్టి, దాని కోసం ఏళ్ల తరబడి శ్రమించడమే ఈ కారు చరిత్రలో ముఖ్యమైన సంగతి.

హైబ్రిడ్ ఆలోచన టయోటాకు అప్పటికే ఉంది. గ్యాస్ టర్బైనుకు మోటారు జోడించిన స్పోర్ట్స్ 800ను 1977 టోక్యో మోటార్ షోలో చూపింది కానీ, అది అమ్మకం దాకా రాలేదు. 1990ల మొదట్లో, వ్యాపారం బాగా సాగుతున్న రోజుల్లోనే, అప్పుడు అమ్ముతున్న తరహా కార్లతో 21వ శతాబ్దంలో నెగ్గుకు రాగలమా అన్న ప్రశ్న ఛైర్మన్ ఎయిజీ టొయోడా లేవనెత్తారు. 1993లో జి21 ప్రాజెక్టు మొదలైంది. హైబ్రిడే కావాలన్న షరతు అందులో లేదు. బయటికి చిన్నగా, లోపల విశాలంగా ఉండి, మైలేజీ 50 శాతం ఎక్కువిచ్చే కారు కావాలన్నారు, అంతే. చీఫ్ ఇంజనీరుగా వచ్చిన తకేషి ఉచియమాద అంతవరకు కార్లలో శబ్దం, కుదుపులు తగ్గించే పనిలో ఉన్నవారు.

1994 చివర్లో పైఅధికారి అకిహిరో వాదా మైలేజీ రెట్టింపు కావాలని పట్టుబట్టారు. మామూలు ఇంజనుకు ఎన్ని మెరుగులు దిద్దినా అది అయ్యే పని కాదు. దాంతో హైబ్రిడ్ దారి ఖాయమైంది. 1995 నవంబరులో సిద్ధమైన నమూనా 49 రోజులు కదలనే లేదు. కదిలిన రోజున వెళ్లింది కొన్ని వందల మీటర్లే. బ్యాటరీ అటు ఎండకూ ఇటు చలికీ తట్టుకోలేకపోయింది. 1996లో ఎలక్ట్రానిక్స్ సంస్థ మత్సుషితాతో కలిసి టయోటా ఏకంగా బ్యాటరీల కంపెనీనే పెట్టింది. ఈలోగా అధ్యక్షుడు హిరోషి ఒకుదా విడుదల గడువును 1997 చివరికి ముందుకు జరిపారు.

కీలకమంతా ప్లానెటరీ గేరులో ఉంది. నడిమి పళ్లచక్రానికి జనరేటరు, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలను పట్టి ఉంచే చట్రానికి ఇంజను, బయటి వలయానికి మోటారు, కారు చక్రాలు కలుస్తాయి. డ్రైవరు గేర్లు మార్చే పనే లేదు. సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగుతుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి చేరుతుంది. ప్లగ్గు పెట్టి చార్జింగ్ చేసే బెడద లేదు, పెట్రోలు బంకు అలవాటూ మారలేదు. ప్రియస్ నిలదొక్కుకోవడానికి ఇదే పెద్ద కారణమని చెప్పాలి. జపాన్ పరీక్షల లెక్కలో మొదటి ప్రియస్ మైలేజీ లీటరుకు 28 కిలోమీటర్లు, అప్పటి ధర 21.5 లక్షల యెన్లు.

2000లో అమెరికాకు వెళ్లింది. 2003 నాటి రెండో తరంలో సామాను పట్టే హ్యాచ్‌బ్యాక్‌గా మారాక గిరాకీ బాగా పెరిగింది. టయోటా హైబ్రిడ్ల మొత్తం అమ్మకాలు 2007లో 10 లక్షలకు, 2017 జనవరికి కోటికి చేరాయి. ఇంత ముందుచూపున్న సంస్థ పూర్తి బ్యాటరీ కార్లలో మాత్రం వెనకబడిపోయింది.

2010లో ప్రియస్ భారత్‌కు దిగుమతైనా, ధర చూసి కొన్నవారు తక్కువ. ఆ పరిజ్ఞానం ఇక్కడి కుటుంబాలకు దగ్గరైంది 2022లో ఆవిష్కరించిన ఇన్నోవా హైక్రాస్‌తో. బెంగళూరు దగ్గరి బిడదిలో అది తయారవుతోంది.