పప్పు అయిపోయాక...

ఓరుగల్లు చరిత్ర అనగానే మనకి వేయిస్తంభాల గుడీ, కోటలో కీర్తితోరణాలూ, రుద్రమదేవీ గుర్తొస్తారు. బాగానే వుంది. కానీ గరిటె తిప్పేవాళ్లకి ఇంకో చరిత్ర కూడా కావాలి. ఆ కందులూ, పెసలూ, మిరపకాయలూ మన పెద్దవాళ్లు ఎందులో తెచ్చుకున్నారు? ఎందులో దాచుకున్నారు? సరుకు అయిపోయాక ఆ సంచినో, ఆ డబ్బానో ఏం చేశారు? ఈ మూడో ప్రశ్న ఇవాళ మన వంటింటి చెత్తబుట్టలో కూర్చుని మనకేసే చూస్తోంది కనక, దాని సంగతి కాస్త విచారిద్దాం.

తెలంగాణ పల్లెల్లో ధాన్యం పాతరలోనో, గుమ్మిలోనో వుండేది. పాతరంటే నేలలో తవ్విన గొయ్యి. గుమ్మి అంటే వెదురుతో అల్లి, మట్టీ పేడా మెత్తిన పెద్ద బుట్ట. పప్పుల్ని కుండల్లో పోసి, పురుగు పట్టకుండా వేపాకు వేసేవారు, లేదా కాస్త ఆముదం పట్టించేవారు. రైలు రాకముందు దూరపు సరుకంతా ఎద్దుల వీపు మీద ఇటొకటి, అటొకటి వేలాడే గోనెల్లో వచ్చేది. ఆ గోనెకే ‘పెరిక’ అని పేరు. వీటిలో ఏది పాడైనా చివరికి మట్టిలో కలిసేది, లేదా పొయ్యిలోకి పోయేది.

ఆ పెరిక వంశం ఇంకా అంతరించలేదు. మిరపకాయల రోజుల్లో ఎనుమాముల మార్కెట్ యార్డుకి వెళ్లి చూడండి. 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన వరంగల్ చపాటా మిర్చితో సహా కాయలన్నీ గోనెబస్తాల్లోనే దిగుతాయి. తిండిగింజలకి జనపనార సంచులు వాడాలని 1987లో కేంద్రం చట్టమే చేసింది. గోనె ఖాళీ అయితే మళ్లీ కొనేవాళ్లుంటారు, చిరిగితే కుట్టేవాళ్లుంటారు. కుట్టుకి కూడా లొంగకపోతే గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టా అవుతుంది.

తర్వాత కాగితం. అడుగు బల్లపరుపుగా వుండి నిటారుగా నిలబడే కాగితపు సంచిని యంత్రం మీద తయారు చేసే పద్ధతికి అమెరికాలో 1871లో పేటెంటు పొందింది ఎవరనుకున్నారు? మార్గరెట్ నైట్ అనే ఆవిడ! ఆ యంత్రాన్ని చూసి వెళ్లిన ఒకాయన అది తనదేనని దావాకి దిగితే, ఆవిడ తన బొమ్మలూ నమూనాలూ చూపించి గెలిచింది. రవ్వా, పంచదారా నిలబడ్డ సంచిలో ఇంటికి రావడం వెనక ఒక ఆడదాని పట్టుదల వుందన్నమాట.

ఆ తర్వాత రేకు డబ్బా. 1937లో వచ్చిన డాల్డా, మన ఇళ్లల్లో నెయ్యి కంటే ఎక్కువగా డబ్బాకే పేరు తెచ్చుకుంది. వనస్పతి అయిపోగానే అందులో కందిపప్పు, మూత పోయాక తులసి మొక్క, అడుగు తుప్పు పట్టాక పాత సామాన్లవాడి బండి. ఇనుము గనక అతను కాదనకుండా తూచి నాలుగు డబ్బులిచ్చేవాడు.

అయితే పాతదంతా బంగారమని నేననను. పాత పేపరులో కట్టిన పొట్లాల వల్ల అచ్చు సిరా తిండికి అంటుతుందనీ, అది ఆరోగ్యానికి మంచిది కాదనీ ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. విడిగా అమ్మే సరుకులో కల్తీ బెడద కూడా తక్కువేం కాదు. కందిపప్పులో కేసరిపప్పు, కారంలో ఇటుకపొడి! 1954లోనే కల్తీ నిరోధక చట్టం చెయ్యాల్సి వచ్చిందంటే మన అమ్మలు ఎంత విసిగిపోయారో ఊహించుకోండి. అందుకే మూతి అతికించిన పాకెట్టు వచ్చినప్పుడు ఇల్లాళ్లు ‘హమ్మయ్య’ అనుకున్నారు. అందులో తప్పేం లేదు.

తప్పల్లా ఆ పాకెట్టు కట్టులో వుంది. పాలిథీన్ 1933లో ఇంగ్లండులో దాదాపు ప్రమాదవశాత్తూ పుట్టింది. అదొక్కటే వుంటే కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. కానీ మసాలాల తళతళలాడే పాకెట్టులో ఎన్నో పొరలుంటాయి. అందంగా అచ్చు వెయ్యడానికి ఒకటి, గాలీ తేమా చొరబడకుండా వెండిలా మెరిసే లోహపు పూత ఒకటి, వేడితో మూతి అతకడానికి ఇంకోటి. ఇవన్నీ కలిసి లోపలి వాసనని నెలల తరబడి కాపాడతాయి. కానీ మళ్లీ విడదీయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

మరి దాని మీద త్రికోణం గుర్తు వుందిగా అంటారా? బాణాలు ఒకదాన్నొకటి తరిమే ఆ గుర్తుని 1970లో గారీ ఆండర్సన్ అనే విద్యార్థి ఒక పోటీ కోసం గీశాడు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమవాళ్లు అలాంటి త్రికోణంలోనే ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు పెట్టారు. ఆ అంకె ఏ రకం ప్లాస్టిక్కో మాత్రమే చెబుతుంది. మళ్లీ పనికొస్తుందని హామీ ఇవ్వదు. జనం పొరబడుతున్నారని 2013లో బాణాలు తీసేసి మామూలు త్రికోణం చాలన్నారు. పాత గుర్తు మాత్రం ఇంకా తిరుగుతూనే వుంది.

మన దేశంలోనూ 2016 నిబంధనల్లో, తిరిగి వాడలేని పొరల ప్లాస్టిక్కుని రెండేళ్లలో మానెయ్యాలన్నారు. 2018లో దాన్ని సడలించి, కాల్చి వేడి రాబట్టుకోగలిగినా సరేనన్నారు. కాల్చి వేడి తీయడం వేరు, మళ్లీ వస్తువు చెయ్యడం వేరు కదండీ!

2012 అక్టోబరులో మన వరంగల్లో ‘క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్’ జరిగింది. తడిచెత్త, పొడిచెత్త వేరువేరుగా ఇవ్వమని వారం రోజులు ఇంటింటికీ తిరిగి నేర్పారు. మంచి పాఠం. కానీ పొడిచెత్త వేరు చేసినంత మాత్రాన పని అయిపోదు. అందులో ఏది అమ్ముడుపోతుంది, ఏది మడికొండ వైపు గుట్టలో చేరుతుందనేది మనం బీట్‌బజారులో సరుకు కొన్న రోజే తేలిపోతుంది. పాత సామాన్లవాడు తూచి డబ్బిచ్చేదే నిజంగా తిరిగొచ్చేది. అతను చేత్తో పక్కకి నెట్టేసేది, పైన ఏ గుర్తున్నా సరే, చెత్తే.

కనక కొనేముందు ఆ తక్కెడని తల్చుకోండి. గాజుసీసా, రేకు డబ్బా, పూత లేని కాగితపు సంచి, అట్టపెట్టె మంచి బేరాలు. కాగితం అనుమానంగా వుంటే ఓ మూల చింపి చూడండి, లోపల పల్చటి పొర సాగితే అది కాగితం వేషం వేసిన ప్లాస్టిక్. మెరిసే పాకెట్టుని గుప్పిట్లో నలిపి వదలండి, మళ్లీ విచ్చుకుంటే లోహపు పూత పూసిన ప్లాస్టిక్కే. ప్లాస్టిక్ తప్పకపోతే ఒకే పొర వున్న తెల్లటి సంచి తీసుకుని, ఖాళీ అయ్యాక దులిపి, పొడిగా దాచండి. నూనె, కారం అంటితే దాన్ని ఎవరూ ముట్టుకోరు.

అన్నిటికంటే చవకైన దారి, నమ్మకమైన కొట్లో ఇంటి గుడ్డసంచిలో పప్పు పోయించుకోవడం. కారం పాకెట్టు బదులు మిరపకాయలు కొని, ఎండబెట్టి, గిర్నీలో మన కళ్లెదుటే పట్టించుకుంటే కల్తీ భయమూ వుండదు, పొరల కవరూ వుండదు. ఇంత మిర్చి పండే వూళ్లో వుండి ఆ మాత్రం చెయ్యలేమా?