పిల్లల సంరక్షణ కేంద్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి

అనాథలకు, నిరాదరణకు గురైన బాలలకు ఆశ్రయమిచ్చే ప్రతి సంస్థ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టరు కావాలి. ప్రభుత్వ గ్రాంటు అందకపోయినా మినహాయింపు లేదు. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లపాటు చెల్లుతుంది.

తనిఖీ కమిటీ కనీసం 3 నెలలకోసారి కేంద్రాన్ని సందర్శించాలి. ముగ్గురికి తగ్గని ఆ బృందంలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పక ఉండాలి. 2021 సవరణ ప్రకారం వారంలోగా నివేదికను జిల్లా మెజిస్ట్రేటు హోదాలో ఉన్న కలెక్టరుకు సమర్పించాలి.

రిజిస్ట్రేషన్ లేకుండా కేంద్రం నడిపేవారికి ఏడాది వరకు జైలు శిక్షగానీ, లక్ష రూపాయలకు తగ్గని జరిమానాగానీ, రెండూగానీ విధించవచ్చు. రికార్డులకెక్కని కేంద్రానికి వైద్యాధికారి వెళ్లరు. అక్కడి పిల్లల అనారోగ్యం బయటికి తెలియదు. అటువంటి కేంద్రం దృష్టికి వస్తే 1098 నంబరుకు తెలియజేయవచ్చు.