బడి తాళం ఎవరి చేతిలో ఉంది?

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లకు ఒక పట్టిక పంపించాడు. మీ జిల్లాలో బళ్ళెన్ని, పిల్లలెందరు, ఏయే కులాలవాళ్ళు, ఆడపిల్లలెందరు అని నింపి పంపమన్నాడు. కడప ఆయనకు కొత్త కాదు. నిజాం 1800లో కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఏడేళ్ళు ఇక్కడి శిస్తు లెక్కలు కట్టినవాడు. అన్ని జిల్లాల జవాబులూ కలిపితే ప్రెసిడెన్సీ మొత్తానికి 12,498 బళ్ళు, లక్షా ఎనభై ఎనిమిది వేల పైచిలుకు పిల్లలు తేలారు. ఈ అంకెల మీద చాలా వాదనలే జరిగాయి. నన్ను ఆపింది మాత్రం ఆ పట్టికలో లేని గడి. బడికి కట్టడం ఉందా, ఉంటే ఎట్లా ఉంది అన్న ప్రశ్న అందులో లేదు.

అడగాల్సిన అవసరం రాలేదు. వీధిబడి అంటే ఒకరింటి అరుగు, లేదా గుడి మండపం, కాదంటే అయివారి ఇంటి పంచ. అరుగు ఎవరిదో దాన్ని ఊడ్పించే బాధ్యత వాళ్ళదే. ఎవరి పిల్లలు ఆ అరుగెక్కాలో చెప్పే పెత్తనమూ వాళ్ళదే. అందుకే సర్కారు బడికి సొంత గోడలు రావడం చిన్న మార్పు కాదు. అది ఏ ఒక్కరి అరుగూ కాదు కాబట్టి, కనీసం చట్టం ప్రకారమైనా, ఎవరి పిల్లలైనా ఎక్కొచ్చు. మరి ఏ ఒక్కరిదీ కాని అరుగును పొద్దున్నే ఎవరు ఊడుస్తారు? మన బడి భవనాల చరిత్రని ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చదవొచ్చు అనిపిస్తుంది నాకు.

1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. అప్పట్నించీ బళ్ళ భారం ఎక్కువగా స్థానిక బోర్డుల మీద, పట్నాల్లో మున్సిపాలిటీల మీద పడుతూ వచ్చింది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక ఊళ్ళ బళ్ళు వాటి కిందికి వెళ్ళాయి. జెడ్పీ హైస్కూలు అన్న పేరు ఇంకా మన నోళ్ళలో ఉంది. జమ్మలమడుగు ప్రాంతపు నెమళ్ళదిన్నెలో పుట్టిన ‘శివభారతం’ కవి గడియారం వేంకటశేషశాస్త్రి ప్రొద్దుటూరు మున్సిపల్ హైస్కూల్లో తెలుగు పండితుడు. అక్కడ ఎవరు పాఠం చెప్పారో సాహిత్య చరిత్ర రాసిపెట్టుకుంది. ఆ గదుల తాళం ఎవరు తీసేవాళ్ళో, బెంచీలు ఎవరు తుడిచేవాళ్ళో ఏ చరిత్రా రాయలేదు.

భవనాన్ని కాపాడుకోవడం ఈ సీమకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి దొరుకుతుంది. దేశమంతా దాన్ని కడప రాయి అంటుంది. రాతి గోడ, నేల మీద బండలు, పైన మట్టి మిద్దె, ఇదీ పాత ఇల్లు. మిద్దెకు వానాకాలం ముందు మళ్ళీ చవుడు పోయాలి, లేకపోతే కారుతుంది. ఆ ఇంటి పైకప్పే మనిషిని ఏడాదికోసారి మిద్దె ఎక్కించేది. సిమెంటు స్లాబు వచ్చాక ఆ పని తప్పింది. కట్టేశాం, ఇక చూడక్కర్లేదు అన్న ధీమా వచ్చింది. స్లాబు కూడా కారుతుంది, కాకపోతే నిదానంగా. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, ఒకరోజు పెచ్చులు ఊడి పిల్లల మీద పడ్డాక పేపర్లో వస్తుంది.

ప్రభుత్వ పథకాల్లోనూ ఇదే ధీమా. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఆడా మగా పిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలంది. గదులకు డబ్బు ఎక్కువగా గ్రామీణ ఉపాధి పథకాల నుంచి వచ్చింది. తర్వాత 2001లో సర్వశిక్షా అభియాన్. అందులో నిర్వహణకని విడిగా ఒక పద్దు పెట్టారు. మూడు గదుల దాకా ఉన్న బడికి ఏడాదికి రూ.5,000, అంతకు మించి ఉంటే రూ.10,000. చిన్న బడికి నెలకు నాలుగు వందల చిల్లర అన్నమాట. 2018లో సమగ్ర శిక్షా పిల్లల సంఖ్యను బట్టి రూ.25,000 నుంచి లక్ష దాకా ఇస్తూ, అందులో పది శాతం శుభ్రతకు వాడమంది.

ఈ మధ్యలోనే 2014 స్వాతంత్ర్య దినం నాడు ప్రధాని ఏడాదిలో ప్రతి బడికీ మరుగుదొడ్డి అని ప్రకటించారు. ప్రభుత్వరంగ సంస్థలు లక్షకు పైగా కట్టామన్నాయి. కాగ్ నమూనాగా 2,695 దొడ్లు వెళ్ళి చూస్తే, కట్టి ఉన్నవాటిలో డెబ్బై శాతానికి పైగా దొడ్లలో కొళాయి నీళ్ళ ఏర్పాటు లేదు. నీళ్ళు లేని దొడ్డికి తాళం వేస్తారు. తాళం పడ్డాక పెద్దయిన ఆడపిల్ల నెలలో కొన్ని రోజులు బడి మానేస్తుంది.

ఇంత నేపథ్యం ఉంది కాబట్టే ‘నాడు-నేడు’ను పార్టీ రంగుల్ని పక్కనపెట్టి చూడాలంటాను. పులివెందుల ఎమ్మెల్యేగా గెలిచి ముఖ్యమంత్రి అయిన జగన్‌మోహన్ రెడ్డి 2019 నవంబరు 14న ఒంగోలులో దాన్ని మొదలుపెట్టారు. మొదటి విడతలో 15,715 బళ్ళు, సుమారు రూ.3,669 కోట్లు. నీళ్ళున్న మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, ప్రహరీ గోడ. పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరిగాయి. అంతకన్నా ముఖ్యమైనది 2021 జనవరిలో జరిగింది. అమ్మ ఒడి కింద తల్లులకిచ్చే రూ.15,000లో వెయ్యి తగ్గించి మరుగుదొడ్ల నిర్వహణ నిధి పెట్టారు. మరుసటి ఏడాది బడి నిర్వహణకని ఇంకో వెయ్యి. ఊడ్చే పనికి ఒక పేరు, ఒక ఖాతా దొరికాయి. డబ్బు మాత్రం ఖజానాది కాదు, తల్లుల వాటాలోంచి కోసింది.

ఆ నిధి నుంచే ఆయాలకు నెలకు రూ.6,000. పిల్లలు ఆయమ్మా అని పిలుస్తారు. దొడ్లు కడిగే పని ఎవరి వాడ నుంచి వచ్చిన మనిషి మీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళు ప్రభుత్వోద్యోగులు కారు, ఇచ్చేది గౌరవ వేతనం. అది కూడా నెలల తరబడి రాలేదని ధర్నాలకు కూర్చున్న సందర్భాలున్నాయి. 2023లో హైస్కూలు తరగతులకు పెద్ద తెరల ప్యానెళ్ళు వచ్చాయి. వాటిని కాపాడటానికి 5,388 ఉన్నత పాఠశాలలకు రాత్రి కాపలాదారులు కావాల్సొచ్చారు. వాళ్ళకూ రూ.6,000. ఆ ఉద్యోగానికి మొదటి ప్రాధాన్యం ఆయా భర్తకి. అంటే ఒక హైస్కూలు పగటి శుభ్రతా రాత్రి భద్రతా కలిపి ఒకే పేద ఇంటికి, ఇద్దరికీ కలిపి రోజుకు నాలుగొందలకు అప్పగించొచ్చు.

పని జరిగిందో లేదో చూడటానికి యాప్ వచ్చింది. మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపడం ఉపాధ్యాయుల పనైంది. వాళ్ళు మండిపడ్డారు. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ పని తీసేసింది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఇట్లాంటి డాష్‌బోర్డులు ఎట్లా పుడతాయో తెలుసు. కెమెరాకు కనిపించేదే కొలుస్తాం. దొడ్డి శుభ్రంగా ఉందని ఫొటో చెప్తుంది. కడిగిన మనిషికి జీతం అందిందా, చేతికి గ్లవుజులున్నాయా అన్న గడి మేం పెట్టం, ఎవరూ అడగరు కాబట్టి. మన్రో పట్టిక నుంచి ఇక్కడిదాకా గడులు ఎన్నో పెరిగాయి, ఆ ఒక్కటి తప్ప.

భవనం ఒక్కటే చూసుకుంటే ఏమవుతుందో 2022లో తెలిసింది. జీవో 117తో చాలా చోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళకు తరలించారు. రంగులేసిన ప్రాథమిక బడిలో గదులు ఖాళీ, పిల్లలు వెళ్ళిన హైస్కూల్లో గదులు చాలవు. మూడేళ్ళకు ఆ జీవోనే పక్కన పెట్టారు. రెండో విడతలో మొదలైన అదనపు గదులు చాలా ఊళ్ళలో పిల్లర్ల దగ్గరే ఆగాయి. ప్రభుత్వం మారాక పథకం పేరూ మారింది, ‘మన బడి - మన భవిష్యత్తు’ అయింది.

పేరు మారినందుకు నాకు బాధ లేదు. ఏ పేరుతో కట్టినా గోడ గోడే. కానీ పథకం పేరుతో పాటు ఆయమ్మ జీతం ఏ పద్దులోంచి రావాలన్నదీ మారితే ఇబ్బంది. బడికి టీచరు పోస్టు మంజూరైనట్టే శుభ్రతకూ కాపలాకూ పోస్టు మంజూరు కావాలి, బడ్జెట్లో సొంత పద్దుతో, కనీస వేతనంతో. భవనానికి అయిన ఖర్చులో ఏటా ఇంత శాతం మరమ్మతుకని ముందే తీసిపెట్టాలి. పాతకాలం మిద్దెకు చవుడు పోసినట్టు ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు స్లాబు మీదికెక్కి చూడాలి. జూన్‌లో బడి తెరిచేరోజు, అందరికన్నా ముందొచ్చి తాళం తీసే మనిషికి మే నెల జీతం కూడా పడి ఉండాలి.