ముందే చెప్పిన ఆడవాళ్ళు

న్యూజీలాండు అనగానే మనకు పచ్చిక బయళ్ళూ, గొర్రెల మందలూ, క్రికెట్టూ జ్ఞాపకం వస్తాయి. 2019 మార్చి 15, శుక్రవారం మధ్యాహ్నం ఆ దేశంలోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో ఒక దుండగుడు అల్ నూర్ మసీదులోనూ, లిన్‌వుడ్ ఇస్లామిక్ సెంటర్లోనూ నమాజుకు వచ్చినవాళ్ళని తుపాకీతో కాల్చాడు. 51 మంది ప్రాణాలు పోయాయి. వారిలో మన హైదరాబాదు బిడ్డలూ ఉన్నారు.

ముస్లింలు తమ గడ్డ మీదికి దండెత్తి వస్తున్నారన్నది ఆ దుండగుడి పిచ్చి. చరిత్ర చూస్తే సంగతి వేరు. 1874 జనాభా లెక్కల్లోనే అక్కడ 17 మంది ముస్లింలు ఉన్నారు. వారిలో ఎక్కువమంది బంగారు గనుల్లో పనికి వచ్చిన చైనావాళ్ళు. ఆ తరవాత గుజరాత్ నుంచి చిల్లర వర్తకులు వెళ్ళారు. అల్ నూర్ మసీదు 1985లో వెలిసింది. ఇంతా చేసి 2018 లెక్కల ప్రకారం వాళ్ళు జనాభాలో నూటికి ఒకరు!

ఈ కథలో మనం ముఖ్యంగా తెలుసుకోవలసింది అక్కడి ఆడవాళ్ళ సంగతి. తలకు ముసుగు వేసుకున్న స్త్రీ దూరం నుంచే గుర్తు తెలుస్తుంది గదా! అంచేత వీధిలో తిట్లూ బెదిరింపులూ ముందు ఆమెకే ఎదురవుతాయి. ఇస్లామిక్ విమెన్స్ కౌన్సిల్ వారు ఈ ద్వేషం ముదురుతోందని 2019కి ముందే అధికారులకు పదేపదే మొరపెట్టుకున్నారు. చెప్పిన మాట తగినట్టుగా చెవికెక్కలేదు.

దాడినాడు ఒక ఇల్లాలు ఆడవాళ్ళనీ పిల్లలనీ బయటికి చేర్చి, చక్రాల కుర్చీలో ఉన్న భర్త కోసం వెనక్కి వచ్చి ప్రాణం పోగొట్టుకుంది. హంతకుణ్ణి క్షమించానన్నాడు ఆ భర్త. అందరూ అలా అనలేదు. 2020 ఆగస్టులో కోర్టులో సుమారు 90 మంది తమ గోడు చెప్పుకున్నారు. కొందరు క్షమించామన్నారు, కొందరు క్షమించేది లేదని వాడి ముఖం మీదే అన్నారు. రెండూ న్యాయమైన మాటలే. వాడికి పెరోలు లేని యావజ్జీవ శిక్ష పడింది.

వారం తిరిగేసరికి మసీదు ఎదుటి హాగ్లీ పార్కులో వేలాదిమంది ఇతర మతస్థుల మధ్య జుమా నమాజు జరిగింది. దాని బాంగు దేశమంతా రేడియోలో వినిపించింది. మర్నాడు మసీదు తలుపులు మళ్ళీ తెరిచారు. నెల తిరక్కుండానే మిలిటరీ తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధిస్తూ పార్లమెంటు 119-1 ఓట్లతో చట్టం చేసింది.

2020 డిసెంబరులో రాయల్ కమిషన్ నివేదిక వెలువడింది. భద్రతా సంస్థలు తమ దృష్టిని మితిమీరి ఇస్లామిక్ తీవ్రవాదం వైపు పెట్టడం తగని పని అని అందులో తేల్చారు. అయితే అలా పెట్టకపోయినా ఈ దాడి ముందుగా బయటపడేదని చెప్పలేమనీ రాశారు. ప్రధాని జసిండా ఆర్డెర్న్ ప్రభుత్వం తరపున క్షమాపణ చెప్పారు.

రక్షణ అడిగినవాళ్ళనే అనుమానించడం ఎంత అన్యాయమో చూడండి. మన పక్కింటి అమ్మాయి బస్సులో ఎవరో తన మతాన్ని ఎత్తి తిట్టారని చెబితే, "పోనీలేమ్మా, ఇవన్నీ మామూలే" అని మాట దాటెయ్యకండి. కూర్చోబెట్టి పూర్తిగా వినండి. అవసరమైతే ఫిర్యాదు ఇవ్వడానికి ఆమె వెంట వెళ్ళండి.