కసూర్ పెద్దలది, సజా ఆడపిల్లలది

మా మార్కాపురం, గిద్దలూరు బేటీలకు ఈ కిస్సా చెప్పాలనిపించింది నాకు. యూరప్ మహిళా క్లబ్బుల కప్పు 2001లో మొదలైనప్పుడు సాధారణంగా దేశానికి ఒక్క ఛాంపియన్ క్లబ్బుకే దావత్. 2009 నుంచి పెద్ద లీగుల్లో రెండో జట్టుకీ, 2021 నుంచి అగ్రదేశాల మూడో జట్టుకీ జాగా దొరికింది. ఆసియాలోనూ అసలు ఉసూల్ అదే: ముందు ఇంటి లీగు గెలవాలి.

గోకులం కేరళ జట్టు అలా గెలిచి 2022 ఆగస్టులో తాష్కెంట్ చేరింది. అంతలో ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. అమ్మాయిలు ఆడకుండానే వాపస్ వచ్చారు.

2025లో మన నిజామాబాద్ బిడ్డ సౌమ్య గుగులోత్ ఉన్న ఈస్ట్ బెంగాల్ లీగు గెలిచి, ఆసియా గ్రూపు దశకు చేరింది. మెహనత్‌తో దక్కిన హక్కును కాపాడటం పెద్దల ఫర్జ్. మన ఇళ్ళలోనూ బేటీ సంపాదించుకున్న సీటును పెద్దల తగాదాలు మింగకూడదు.