ఉద్దానం: ప్రారంభోత్సవాల లెక్క, ప్రాణాల లెక్క

ఉద్దానం అంటే కొబ్బరి, జీడిమామిడి, పనస గుర్తుకొచ్చే రోజులుండేవి. 1960ల చివర నక్సలైటు పోరాటం నడిచిన బొడ్డపాడు పేరుతో, 2010లో బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న సోంపేట పేరుతో ఈ సీమ పత్రికలకెక్కింది. ఆ తర్వాత దాని పేరు కిడ్నీ జబ్బుకే అంటుకుపోయింది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఏడు మండలాల్లో, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే మాట బడికెళ్లని ముసలమ్మకు కూడా తెలుసు.

1980లు, 90లలో ఈ రోగులకు దారి రైలు దారే. ఒకరు బరంపురం వెళ్లేవారు, ఒకరు విశాఖ కేజీహెచ్‌కు. జబ్బు చాలావరకు చప్పుడు చేయకుండా ముదురుతుంది. షుగరు ఉండదు, మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా పోదు, ఒళ్లు వాచేసరికి కిడ్నీలు చాలావరకు పోయి ఉంటాయి. కాళ్లు లాగుతున్నాయని ఆర్.ఎం.పి. దగ్గర నొప్పి బిళ్లలు వాడుతూ గడిపేసిన ఏళ్లు ఎన్నో. పట్నం డాక్టరు దగ్గరికి చేరేనాటికి పొలం తాకట్టులో ఉండేది.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఉద్దానం చరిత్రలో నిజమైన మలుపు అదేనని నా అభిప్రాయం. డబ్బు లేక ఆగిపోయే డయాలసిస్ ఆగకుండా సాగడం అప్పటినుంచే అలవాటైంది. ఆ తర్వాత సోంపేట, పలాస, టెక్కలి వైపు డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. మిషన్ దగ్గరికొస్తే మేలే, కానీ బతుకు దాని చుట్టూ తిరగడం మొదలవుతుంది. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కసారికి నాలుగు గంటలు. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చేత్తో బరువెత్తకూడదు. కొబ్బరిచెట్టెక్కి బతికినవాడికి, పలాసలో జీడిపిక్కలు కొట్టి బతికినదానికి ఆ ఒక్క మాటతో ఉపాధి పోయినట్టే. నీళ్లు గ్లాసుతో కొలిచి తాగాలి, ప్రతిసారీ బరువు తూచాకే మిషన్ పెడతారు. వెంట వచ్చిన మనిషికి ఆ రోజు కూలి లేదు. దీనికి తోడు 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి తోటల్ని నేలమట్టం చేసింది. మందుల ఖర్చుకు ఆధారమైన చెట్లే పడిపోయాయి. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది.

2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇక్కడి బాధితులను కలిశాక రాజకీయం వేడెక్కింది, ఆ ఏడే హార్వర్డ్ వైద్యులూ వచ్చారు. ప్రభుత్వం లక్ష మందికి పైగా పరీక్షలు చేయించింది. 2019లో నెఫ్రాలజిస్టు టి. రవిరాజు బృందం ప్రచురించిన అధ్యయనంలో 2210 మందిని పరీక్షిస్తే 18 శాతానికి పైగా జబ్బున్నట్టు తేలింది. కారణం మాత్రం తేలలేదు. నీటిలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటల్లో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి పొలాల్లో ఇలాంటి జబ్బే తిరుగుతోంది. అక్కడా ఒక్క కారణం మీద అందరూ ఏకాభిప్రాయానికి రాలేదు.

2019 తర్వాత డయాలసిస్ రోగులకు నెలకు పదివేల పింఛను వచ్చింది. 2023 డిసెంబర్ 14న రెండు ప్రారంభోత్సవాలు ఒకేరోజు జరిగాయి. ఒకటి పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం. రెండోది సుమారు 700 కోట్ల రూపాయల సుజలధార, హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీటిని ఇంటింటికీ చేర్చే పథకం. ఏ పార్టీ చేసింది ఏమిటన్న తగువు మనకెందుకు. అడగాల్సింది ఫలితం గురించి. దానికి జవాబుగా మనకు తేదీ, ఖర్చు చెబుతారు.

ఫలితం తేలడానికి ఎంతకాలం పడుతుందో చూపడానికి, ఉద్దానానికి సంబంధం లేనట్టున్న ఒక ఉదాహరణ చెప్పాలి. బరువు తగ్గించే ఆపరేషన్లు పనిచేస్తాయా లేదా అని స్వీడన్ వాళ్లు 1987లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఆపరేషన్ చేయించుకున్న రెండువేల మందినీ, చేయించుకోని రెండువేల మందినీ ఏళ్ల తరబడి వెంబడించారు. తగ్గిన బరువులో ఎక్కువ భాగం ఇరవై ఏళ్ల తర్వాత కూడా నిలిచింది. మధుమేహం సంగతి వేరు. ఆపరేషన్ చేయించుకున్న మధుమేహ రోగుల్లో రెండేళ్లకు 72 శాతం మందికి తగ్గినట్టు కనిపించింది, పదిహేనేళ్లకు ఆ సంఖ్య 30 శాతానికి పడిపోయింది. రెండో ఏడే లెక్క కట్టి పుస్తకం మూసేస్తే ఎంత తప్పు చెప్పినవాళ్లయ్యేవారో చూడండి! మరణాలు తగ్గాయన్న నిజం బయటపడింది 2007లో, అంటే ఇరవై ఏళ్లు ఓపిక పట్టాక.

కిడ్నీ మెల్లగా పాడయ్యే జబ్బుకు ఇలా ఏళ్ల తరబడి చూసే లెక్క ఇంకా ఎక్కువ అవసరం. వంశధార నీరు జబ్బును ఆపుతుందా లేదా ఇవాళ ఎవరూ చెప్పలేరు. ఇప్పటికే పాడైన కిడ్నీ మంచినీటితో బాగవదు. జవాబు ఇవ్వగలిగేది ఈ నీళ్లు తాగుతూ పెరుగుతున్న పిల్లలు, అదీ వాళ్లు ముప్పై నలభైల్లోకి వచ్చాక. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు ఇక్కడ ఊళ్లలో శాస్త్రీయంగా పనిచేశాయి, అది మెచ్చుకోవలసిందే. కానీ పరిశోధన ప్రాజెక్టుకు గడువుంటుంది, జబ్బుకు గడువు లేదు.

కనుక ప్రభుత్వాన్ని కోరేది ఒక్కటే. 2017లో పరీక్షించిన ఆ లక్ష మంది జాబితాను పలాస కేంద్రానికి అప్పగించండి. అదే మనుషులకు ఏటా క్రియాటినిన్ చూడండి. ఎవరు నిలకడగా ఉన్నారో, ఎవరు మిషన్ ఎక్కారో, ఎవరు పోయారో ఊరివారీగా ప్రకటించండి. ప్రభుత్వం మారినా ఆ రిజిస్టరు మూయకండి.